అక్క మోకాలి నీరు

మా అక్క పుస్తకాలకు బైండింగ్ చేస్తుంది. నాలుగు నెలలుగా కీళ్లవాతానికి ఇంజెక్షన్లు తీసుకుంటున్నా మణికట్ల వాపు, మోకాలి వాపు పిసరంత కూడా తగ్గలేదు. పొద్దున పూట కుట్టుసూది పట్టుకోవడమే గగనమైపోతోంది.

నేను పనిచేసే ల్యాబ్‌లో ఆ జబ్బు మీదే పరిశోధన. కీళ్లలో చేరిన కణాలు ఒకదాన్నొకటి ఎలా ఎగదోసుకుంటాయో కొలవడం నా పని. డాక్టరు అక్క మోకాలి నీరు తీసిన రోజున, "పారబోసే బదులు నువ్వే చూడవే," అంటూ అక్క అనుమతి కాగితం మీద సంతకం చేసింది.

మా ల్యాబ్ మేడమ్ నేరుగా నా చేతికివ్వడానికి ఒప్పుకోలేదు. "అక్కదని తెలిస్తే నీకు కావలసిందే కనిపిస్తుంది. నంబరు వేసి మిగతా రోగుల గొట్టాల మధ్య పెట్టేస్తా."

మొత్తం పన్నెండు గొట్టాలు. అక్క వాడే మందే అన్నింటిలోనూ వేశాను. ఆ మందు కణం బయట తిరిగే ఒక సంకేతాన్ని పట్టి ఆపుతుంది. తొమ్మిదింటిలో కణాలు సద్దుమణిగాయి. మూడింటిలో లేదు. వాటికి వేరే సంకేతాలు అందుతున్నట్టున్నాయి. కణం లోపల ఆ సంకేతాలను కేంద్రకానికి చేరవేసే ఎంజైమును ఆపే మందు వేస్తే, రెండు దారికొచ్చాయి. ఒకటి దేనికీ లొంగలేదు.

ఆ ఒక్కటీ అక్కదేమో. అన్నం సయించలేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు వెళ్లాలో తోచేది కాదు. నంబర్లు విప్పమంటే మేడమ్, "రెండోసారి చేశాకే," అన్నారు. మళ్లీ చేశాను. అదే ఫలితం. అప్పుడు కాగితం తీశారు. అక్కది దారికొచ్చిన రెండింటిలో ఒకటి.

అక్కతో పాటు డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన నా గ్రాఫులు పక్కకు జరిపారు. "వీటిని చూసి మందు మార్చనమ్మా. వాపు తగ్గలేదు కాబట్టి ఎలాగూ మార్చాలి." రక్తం, ఊపిరితిత్తుల పరీక్షలయ్యాక, కణం లోపలి ఎంజైమును ఆపే మాత్రలే రాశారు.

ఇక రోజూ ఫోన్ చేసేదాన్ని. "మాటిమాటికీ అడిగితే వేళ్లు మొహమాటపడతాయే," అని విసుక్కునేది.

ఆరో వారం తనే చేసింది. "లావుపాటి నిఘంటువు మధ్యాహ్నానికల్లా కుట్టేశా. కానీ బొటనవేలికి వచ్చిన వంకర మాత్రం పోలేదు. అది ఇక ఇంతేనట."

"ముందే మందు మార్చి ఉంటే..."

"తెలుసు. నాకూ కోపంగానే ఉంది."

అంతలో ఎవరో అట్టల కోసం వచ్చారని ఫోన్ పెట్టేసింది.