దాటేసిన ఏడు వరుసలు

బస్సు డిపో కంప్యూటరు గదిలో ప్రోగ్రామరు, నాలుగు నెలల క్రితం పైథాన్ భాషలోని ప్రోగ్రాములో తాను చేర్చిన ఒక్క వాక్యాన్ని కళ్లప్పగించి చూస్తున్నాడు.

డ్రైవర్ల ఫిర్యాదుల్లో ‘బ్రేకు’ అన్న మాట ఉన్నవాటిని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే వెతుకుడు సూత్రంతో ఏరి వర్క్‌షాపుకు పంపడం ఆ ప్రోగ్రాము పని. ఆనాడు అది టైప్ ఎర్రర్ చూపి ఆగిపోయింది: అక్షరాలుండవలసిన చోట అంకె వచ్చింది. ఫిర్యాదు గడిలో ఉన్నది 318. ఎవరో బస్సు నంబరు వేసి ఊరుకున్నారు. పనికిమాలిన వరుస అనుకుని, అక్షరాలు కానివాటిని దాటెయ్యమని రాశాడు. ఎర్రర్ పోయింది. టీ తాగడానికి వెళ్లాడు.

డ్రైవర్ల అలవాటు అతనికి అప్పట్లో తెలియదు. లోపాన్ని మొదటిసారే మాటల్లో రాస్తారు. బాగుచెయ్యకపోతే ఆపైన నంబరు మాత్రమే వేస్తారు. ఒక్క ఫిర్యాదుకు వర్క్‌షాపు తీరిగ్గా కదులుతుంది, పదేపదే వస్తేనే బస్సును ఆపేస్తుంది. 318 ఏడుసార్లు నమోదైంది. ఏడూ ఆ బస్సు నడిపే అతని బావ వేసినవే.

పోయిన వారం వాలులో బ్రేకు పడక ఆ బస్సు గోడను గుద్దింది. అదృష్టవశాత్తూ ప్రయాణికులు లేరు. బావ మోకాలు మాత్రం నుజ్జయింది. ఇక స్టీరింగు పట్టడం కల్ల అన్నాడు డాక్టరు.

అంకెను అక్షరాలుగా మారిస్తే ఎర్రర్ పోతుందే గాని, ‘318’లో బ్రేకు అన్న మాట ఎక్కడిది? ఆ బస్సు పాత ఫిర్యాదును వెతికి జతచేశాకే వడపోయాలి. అలాగే దిద్ది, ఆసుపత్రికి వెళ్లాడు.

“రావయ్యా పెద్దమనిషీ! మీ అక్క కాఫీ తప్పించుకోవడానికే కాలు విరగ్గొట్టుకున్నానట, వార్డంతా చెప్పుకొస్తోంది,” నవ్వాడు బావ. “ఏడుసార్లు రాశాను. ఆ వర్క్‌షాపు వాళ్లకి చీమ కుట్టినట్టయినా లేదు.”

తలూపి ఊరుకుంటే సరిపోయేది.

“ఆ ఏడూ వాళ్లకి అందలేదు బావా. నా ప్రోగ్రామే దాటేసింది. దాటెయ్యమన్నది నేనే.”

బావ నవ్వు ఆగింది. “మాటల్లో రాసుంటే అందేదా?”

“అందేది. కానీ తప్పు నీది కాదు. ఒక్క నంబరే ఎందుకేస్తారని నిన్ను అడగాల్సింది. రోజూ ఒకే టేబుల్ దగ్గర భోంచేస్తాం.”

బావ దుప్పటి లాగి కట్టు కట్టిన కాలిని కప్పుకున్నాడు.

“ఇప్పుడు బాగుచేశావా?”

“చేశాను.”

“ఎంతసేపు పట్టింది?”

 

“ఇరవై నిమిషాలు.”