పిల్లల బడి సంగతి తర్వాత

ఆదివారం ఆరాధన అయిపోయినా చర్చిలోంచి ఒక్కరూ కదల్లేదు. తెల్ల దుకాణదారులతో కుదిరిన ఒప్పందాన్ని సంఘపెద్ద హోసియా చదువుతున్నాడు. ఫలహారాల బల్ల దగ్గర ఇకమీదట నల్లవాళ్లూ కూర్చోవచ్చు. బట్టలు, జోళ్లు తొడిగి చూసుకుని కొనొచ్చు. ఇద్దరికి గుమాస్తా ఉద్యోగాలు.

ఆర్డెల్లా ఇంకో మాట కోసం చెవులు రిక్కించింది. పదహారేళ్ల పిల్ల. ఈ హక్కుల కోసం ఊరేగింపులో నడిచినందుకు అలబామా జైల్లో పదకొండు రోజులుంది. బయటికొచ్చేసరికి బడిలో పేరు కొట్టేశారు. ఆమెదొక్కటే కాదు, నలభై రెండు మందివి. మళ్లీ చేర్చుకోకపోతే ఇక అమ్మలాగే దొరసాని గుడ్డలుతకడమే.

"పిల్లల బడి సంగతి తర్వాత చూద్దాం." హోసియా కాగితం మడిచాడు.

ఆర్డెల్లా లేచింది. "తర్వాతంటే ఎప్పుడు, పెద్దయ్యా?"

"కూర్చోమ్మా. అన్నీ ఒక్కసారే అడిగితే వాళ్లు ఇచ్చిందీ లాక్కుంటారు."

"అడిగింది మీరు. తన్నులు తిన్నది మేము!"

"దీని నోరు చూడండి, ప్లీడరై పుట్టాల్సింది," అని వెనక ఎవరో నవ్వారు.

"బడికి పోనిస్తే అవుతుంది లెండి," అంది జైల్లో పక్కనే పడుకున్న జునీటా.

హోసియా విననట్టే ఉన్నాడు. "ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లే. అది సంఘం నియమం."

ఏప్రిల్లో ఇదే మనిషి ఇక్కడే నిలబడి జైలుకెవరు సిద్ధమో చేతులెత్తమన్నాడు. ఉద్యోగాలు ఊడతాయని పెద్దలు తలలు దించుకున్నారు. ఊడేందుకు ఉద్యోగాల్లేని పిల్లలే ఎత్తారు. ఆ రోజు ఏ చేతినీ వయసెంతని అడగలేదు.

"జైలుకి సరిపోయిన వయసు ఓటుకి చాల్లేదా?" ఆర్డెల్లా అరిచింది.

చేతులు లేచాయి. వాటిలో సబ్బునీళ్లకి పగిలిన చెయ్యొకటి, ఆమె పక్కనే.

"అమ్మా! నువ్వు కూడానా?"

"నా జోడు నేను తొడిగి చూసుకుని కొనుక్కోవాలని నలభై ఏళ్లుగా..." అమ్మ ఎదురుగానే చూస్తూ గొణిగింది. "నీ బడి వచ్చే ఏడైనా అవుతుంది తల్లీ."

లెక్కపెట్టారు. నెగ్గింది.

"హల్లెలూయా! ఆర్డెల్లా, పాట ఎత్తుకో బంగారం," అన్నాడు హోసియా.

ప్రతి ఊరేగింపులోనూ పాట ఎత్తుకున్నది ఆమే. చర్చి అంతా లేచి నిలబడింది. పియానో రెండుసార్లు మొదలై ఆగింది.

"పండగ మీది. మీరే పాడుకోండి."

ఆర్డెల్లా అమ్మని రాసుకుంటూ, ఆమె మొహం చూడకుండా బయటికి నడిచింది.