ఎర్రనీళ్ళ పాఠం

ఆళ్లగడ్డలో నన్ను మంచి టీచరమ్మ అంటారు. నేను ఎదురు చెప్పను. చెప్తే ఎందుకని అడుగుతారు గదా, అప్పుడు ఉమక్క సంగతి బయటపెట్టాల్సొస్తాది. మా ఇంటాయన దావీదుకు గూడా నేను ఈ మాట చెప్పలే. ఇప్పుడు చెప్తాండా. వినేటోళ్ళు మధ్యలో "నువ్వు మాత్రం యేం చేస్తావులే పాపం" అనొద్దండి. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతాది.

డెబ్బై ఎనిమిదో సంవత్సరం. నంద్యాలలో ఆర్నెల్లు బాలవాడి ట్రైనింగు చేసి ఆళ్లగడ్డకొచ్చినా. ట్రైనింగులో జయమ్మ మేడం అని ఒకామె ఉండె. మొహమాటం లేని మనిషి. "రంగుపెట్టెలొస్తాయని ఆఫీసు దిక్కు చూస్తా కూర్చుంటే పిల్లోళ్ళకు మీసాలొస్తాయి. మీ వంటింట్లో యేముందో చూడండమ్మా" అనేది. బొగ్గు, ఇటికపొడి, చిక్కుడాకు, ముగ్గుపిండి, చింతపిక్కలు, నమిలి మెత్తగా చేసిన యాపపుల్ల. సిమెంటు సంచి కాగితాన్ని చింపి, బాగా దులిపి, దాని మీద బొమ్మలు. అక్షరం చెప్పేముందు పిల్లోని చేతికి మన్ను తగలాల అనేది. ఆమె చెప్పిందంతా నిజమే. ఈ పొద్దుకీ నేను అట్లే చేస్తాండా.

బాలవాడికి సొంత గది లేకపోయె. పుల్లయ్య అని శెనక్కాయల యాపారి, ఆయప్ప తన ఇంటి ముందర పంచ ఇచ్చినాడు, అద్దె లేకుండా. ఇచ్చినాడు గాబట్టి ఆయప్ప చెప్పిందే చట్టం. కొత్తగా పరిపించిన బేతంచెర్ల బండల మీద మరక పడగూడదు, ఆయప్ప కాలవలో మా రంగునీళ్ళు పొయ్యగూడదు, మధ్యాన్నం ఆయప్ప పండుకునేటప్పుడు పాటలు పాడగూడదు. పిల్లోళ్ళు ఇరవైమంది. నాకు తోడు ఒక ఆయమ్మ. పేరు ఉమామహేశ్వరమ్మ, అందరికీ ఉమక్క. మొగుడు పోయినాడు, ఒక్క కూతురు కాన్పులో పోయింది, మిగిలింది ఐదేండ్ల మనవరాలు సుబ్బలక్ష్మి. ఆ పిల్ల గూడా మా బాలవాడిలోనే. వాళ్ళుండే గుడిసె పుల్లయ్య కొట్టం పక్కనే, ఆ జాగా గూడా పుల్లయ్యదే.

నా ఉద్యోగం గూడా అప్పటికి గట్టిది కాదు. ఏడాది చూస్తారు, ఆపైన నంద్యాల నుంచి ఆఫీసరు తనిఖీకి వస్తాడు, బాగుందంటే పర్మనెంటు, లేదంటే ఇంటికి. దావీదు పాణ్యం కాడ రాళ్ళపనికి పోతాండె, అదీ వారంలో మూడు దినాలే. ఇల్లు నడిచేది నా జీతం మీద. నేను ఆ తనిఖీ గురించి నిద్దర్లో గూడా కలవరించేదాన్నంట, దావీదు చెప్పేవాడు.

తనిఖీకి వారం ముందర పసుపూ సున్నమూ పాఠం మొదలుపెట్టినా. సిమెంటు కాగితానికి పసుపునీళ్ళు పూసి ఆరబెట్టాల. సున్నపుకుండలో పైన తేరుకున్న తేటను పుల్లతో తీసి ఆ పసుపు మీద గీస్తే, గీసినకాడికి ఎర్రగా అయితాది. సున్నం పిల్లోళ్ళ చేతులు కొరుకుతాదని తేటను నేనే పుల్లకు అద్ది ఇచ్చేదాన్ని. పిల్లోళ్ళు నోళ్ళు తెరిచిరి. సుబ్బలక్ష్మి ఒక గీత గీసి, కాగితం తిప్పి వెనకపక్క చూసె. "టీచరమ్మా, ఈ ఎరుపు ఇంతసేపూ యాడుండె?" అని అడిగె. ఇంత మంచి ప్రశ్న నన్ను మళ్ళీ యే బిడ్డా అడగలే. ఆ పొద్దు ఆ పిల్లను ఎత్తుకోని ముద్దు పెట్టుకున్నా.

ఉమక్క మాత్రం దూరంగా గోడకు ఆనుకోని నిలబడె.

"టీచరమ్మా, ఈ పాఠం వద్దులే. పసుపూ సున్నమూ కలిపే ఎర్రనీళ్ళు దిష్టి తీసే నీళ్ళు. ఊరికే కలపగూడదు."

"మేము కిరస్తానమోళ్ళం ఉమక్కా. మాకు దిష్టీ లేదు, గిష్టీ లేదు."

"మీకు లేకపోతే పోనీలేమ్మా. ఆ నీళ్ళు దాటేటోళ్ళకు ఉంటాది గదా."

"ముందు చీపురు పట్టుకో" అన్నా. అట్లా మాట్లాడేదాన్ని ఆమెతో. నాకంటే ఇరవైయేండ్లు పెద్దది. ట్రైనింగు చేసొచ్చినదాన్ని, ఆయమ్మ నాకు చెప్పేదేంది అని పొగరు.

తనిఖీ దినం పొద్దున్నే పిల్లోళ్ళ బొమ్మలన్నీ దారానికి కట్టి పంచలో వరసగా వేలాడదీసినా. జీపు పది గంటలకొస్తాదని కబురు. పసుపుగిన్నెలు, సున్నపుముంత అన్నీ ఒకే బక్కెట్లో కడిగితే బక్కెటనిండా ఎర్రనీళ్ళయె. పుల్లయ్య కాలవలో పొయ్యడానికి లేదు. ఉమక్క బక్కెట చూసి, "ఊరి బయట చేన్లో పోసొస్తా టీచరమ్మా, అరగంటలో వస్తా" అనె.

"అరగంటా? జీపొస్తాంటే ఇరవైమంది ముక్కులు నేను తుడవల్నా? ఆ సందు చివర మూడుదార్లకాడ కుమ్మరించి బేగి రా."

"ఆడ వద్దమ్మా. మూడుదార్లకాడ దిష్టినీళ్ళే పోస్తారు. చూసేటోళ్ళు యేమనుకుంటారు?"

"చెప్పింది చెయ్. చెయ్యకపోతే రేపట్నుంచి రావద్దు."

ఉమక్క బక్కెట ఎత్తుకోని పాయె. ఆమె పోతాంటే నేను సుబ్బలక్ష్మి తల దువ్వుతాండా.

తనిఖీ బాగా జరిగె. ఆఫీసరు ఒక్కొక్క బొమ్మ ముందర నిలబడి, "దుడ్లు ఖర్చు లేకుండా ఇంత చేసినావా పరంజ్యోతమ్మా" అనె. బొమ్మలన్నీ చుట్టగా చుట్టి నంద్యాల ట్రైనింగులో చూపిస్తానని జీపులో పెట్టుకోని పాయె. పోతా పోతా, "పంచ ఇచ్చిన పుల్లయ్యగారు నీ గురించి ఒక ఉత్తరం రాసిస్తే చాలు, ఆర్డరు వచ్చేస్తాది" అనె. ఆ సాయంత్రం దావీదుకు కోడిగుడ్డు కూర చేసి పెట్టినా.

పుల్లయ్య కోడలు సత్యభామ అప్పటికి ఐదు నెలల కడుపుతో ఉండాది. అంతకుముందు రెండు కడుపులు నిలవలే. ఈసారి ఇంటిల్లిపాదీ ఆమెను కాలు కింద పెట్టనిస్తాండ్లా. తనిఖీ పొద్దున ఆమె అత్తతో గుడికి పోయి వస్తా ఆ మూడుదార్లకాడ తడిని దాటింది. అదేందో చూసుకోలే. దాటినాక అత్త చూసి గుండె బాదుకునిందంట. మూడోనాడు కడుపు పాయె. డాక్టరు ఆమె ఒంట్లో రక్తం లేదు, ముందునుంచీ చెప్తాండా అనినాడంట. ఆ మాట యెవరికి కావాల?

ఎర్రనీళ్ళు పోసిందెవరు అని వీధంతా అడిగిరి. ఒకామె చెప్పె, ఉమక్క బక్కెట కుమ్మరిస్తాంటే చూసినానని. కుమ్మరించి, చుట్టూ చూసి, పరిగెత్తిందని. పరిగెత్తకేం చేస్తాది, నేను బేగి రమ్మంటి గదా.

మర్సనాడు పొద్దున బాలవాడి జరుగుతాండగానే పుల్లయ్య, ఆయప్ప మనుషులు, వీధిలోవాళ్ళు నలభైమంది వచ్చి పంచ ముందర నిలబడిరి. ఉమక్కను చెయ్యి పట్టి లాక్కొచ్చి బండల మీద కూర్చోబెట్టిరి. ఆమె ఏడవలే. నా దిక్కు చూసి నిదానంగా చెప్పె.

"అవి పిల్లోళ్ళ రంగునీళ్ళప్పా. దిష్టినీళ్ళు కాదు. టీచరమ్మ పొయ్యమనింది, పోసినా. అడగండి."

అందరూ నా దిక్కు తిరిగిరి. పుల్లయ్య కండ్లు ఎర్రగా ఉండాయి. రాత్రంతా నిద్దర లేనట్టుంది. "చెప్పమ్మా. నా పంచలో ఎర్రనీళ్ళు కలిపింది నువ్వేనా?" అని అడిగె.

అవునంటే అయిపోతాది. నాకు తెలుసు. ఉత్తరం రాదు, ఉద్యోగం రాదు. అంతటితో గూడా పోదు. కిరస్తానం మనిషి మా ఇంట్లో చేతబడి చేసింది అంటారు, ఉమక్క కూర్చున్న బండ మీద నన్ను కూర్చోబెడతారు. ఇదంతా ఆలోచించడానికి నాకు ఎంతసేపూ పట్టలే. అదే నాకు ఇప్పటికీ చీదర పుట్టిస్తాది.

"నాకేం తెలీదప్పా. పిల్లోళ్ళకు బొగ్గుతో, ఇటికపొడితో నేర్పుతా నేను. పసుపూ సున్నమూ నేను యెందుకు కలుపుతా" అన్నా.

ఉమక్క నన్ను చూస్తానే ఉండె. తిట్టలే. తిట్టింటే బాగుండు.

మిగతా పిల్లోళ్ళ అమ్మలు ఆడనే ఉండారు. వాళ్ళ పిల్లోళ్ళు ఇంటికిపోయి ఎర్రగీతల ముచ్చట చెప్పే ఉంటారు. ఒక్క తల్లీ నోరెత్తలే. మా పిల్లోనికి గూడా ఆ విద్య వచ్చు అని యెవరు చెప్తారు? ఒకామె తన కొడుకు నోటికి చెయ్యి అడ్డం పెట్టి పక్కకు ఎత్తుకోని పాయె. బొమ్మలు చూపిద్దామంటే అన్నీ నంద్యాలలో ఉండాయి. పుల్లయ్య ఇంట్లోవాళ్ళు మా బొమ్మల దిక్కు యెప్పుడూ చూసినోళ్ళు గాదు. నేను వాటి మాటే ఎత్తలే.

అంతలో సుబ్బలక్ష్మి జనం కాళ్ళ మధ్యలోంచి ముందరికొచ్చె. పెద్దోళ్ళంతా పసుపూ సున్నమూ అంటాంటే ఆ పిల్లకు సంబరంగా ఉన్నట్టుంది. "నాకొచ్చు ఎరుపు చేసేది. చూపించల్నా?" అనె.

పుల్లయ్య ఇంట్లోంచి పసుపు తెప్పించె. సున్నం ఆయప్ప వక్కాకు సంచిలోనే ఉండాది. ఆ పిల్ల బండ మీద పసుపు తడిపి, సమంగా పూసి, పొడి అయ్యేదాకా ఊదుతా కూర్చునె. సున్నాన్ని నీళ్ళలో కలిపి, తేరుకునేదాకా ఆగె. తేట మాత్రమే పుల్లతో తీసె, చెయ్యి కొరక్కుండా. అన్నీ నేను నేర్పినట్టే. అప్పుడు బండ మీద ఒక పెద్ద సున్నా గీసె. అది ఎర్రగా తేలేటప్పటికి జనం రెండడుగులు వెనక్కి పోయిరి.

"ఐదేండ్ల దానికే ఇంత నేర్పింది ముసిల్ది" అని యెవరో అనిరి.

"అవ్వ గాదు, టీచరమ్మ నేర్పింది" అని సుబ్బలక్ష్మి నవ్వుతా నా దిక్కు చూసె.

నేను ముందరికి పోయినా. ఆ పిల్ల ముందర వంగినా. పాఠం చెప్పే గొంతుతో, ఒక్కొక్క మాట విడదీసి, "టీచరమ్మ నేర్పలేదు" అన్నా. బాలవాడిలో నేను ఒక మాట అంటే పిల్లోళ్ళు తిరిగి అనాల. ఏడాదినుంచి అలవాటు చేసినా. సుబ్బలక్ష్మి చేతులు కట్టుకోని, గట్టిగా, రాగం తీస్తా, "టీచరమ్మ నేర్పలేదు" అనె. వెనకనుంచి మిగతా పిల్లోళ్ళు గూడా అందుకునిరి. "టీచరమ్మ నేర్పలేదు." ఇరవైమంది.

ఆ తర్వాత అడిగేది యేముంది? మంత్రం పలికే పండ్లు ఉండగూడదనిరి. సైకిలు షాపునుంచి పట్టకారు తెచ్చిరి. ఇద్దరు ఉమక్క చేతులు పట్టుకునిరి, ఒకడు తల పట్టుకునె. నేను పిల్లోళ్ళను పుల్లయ్య ఇంట్లోకి తోలి తలుపేసి, మొగాన్ని తలుపు దిక్కు పెట్టుకోని పాట మొదలుపెట్టినా. పిల్లోళ్ళు నాతో పాడిరి. పాడుతాంటే గూడా వినబడె. ముందరివి నాలుగు పీకిరి. పోలీసుస్టేషను మూడు సందుల అవతల. నేను పోలే. అవి నా పండ్లు. ఆమె నోట్లోంచి పీకిరి, అంతే.

గుడిసె పీకేసిరి. ఉమక్కకు ప్యాపిలిలో చెల్లెలుంది, ఆడికి పొమ్మనిరి. పుల్లయ్య ఆ సాయంత్రమే నన్ను పిలిచి ఉత్తరం చేతిలో పెట్టె. "ఈమె అబద్ధం ఆడని మనిషి" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసినాడు. నేను దండం పెట్టి తీసుకున్నా.

మర్సనాడు బస్టాండుకు పోయినా. యెందుకు పోయినానో నాకే తెలీదు. నంద్యాల మీదుగా పోయే బస్సులో ఉమక్క కిటికీ పక్కన కూర్చోని ఉండె, దవడలు వాచిపోయి. నన్ను చూసి మొగం అటు తిప్పుకోలే. చూస్తా ఉండె, అంతే. ఆమె ఒళ్ళోంచి సుబ్బలక్ష్మి తల బయటికి పెట్టె.

"టీచరమ్మా, నిన్న నేను సరిగ్గా చెప్పినానా?"

డ్రైవరు హారను కొడతాండె. బస్సు కదిలె. నాలుగడుగులు దాని పక్కనే నడిచినా.

"బాగా చెప్పినావు" అన్నా.

ఆ పిల్ల మొగం వెలిగిపాయె. అవ్వ దిక్కు తిరిగి, "విన్నావా అవ్వా, బాగా చెప్పినానంట" అనె.

ఉమక్క నోటికి పైట అడ్డం పెట్టుకోని, ఆ పిల్లకోసం అవునని తలూపె.