కాలర్ మైకు

వంట ముగించి, అత్తకు మాత్రలిచ్చి, అల్వాల్‌లో మా నెట్ షాపు షట్టర్ ఎత్తేసరికి తొమ్మిదైంది. షాపు లైసెన్సు నా పేరునే ఉంది. ఈ పెళ్లి లైవ్ పని మొదలుపెట్టిందీ నేనే. శామీర్‌పేట ఫంక్షన్ హాల్లో కెమెరా పట్టిన బొమ్మ మేం అద్దెకు తీసుకున్న సర్వర్‌కు, అక్కడి నుంచి దుబాయిలో సెలవు దొరకని మేనమామ బ్రౌజర్‌కు చేరాలి. తెగిపోయే బొమ్మతో మూడు నెలలు కుస్తీ పట్టి ఆ పని నేర్చుకున్నాను. కార్డు మీద పేరు మాత్రం మా ఆయన పరమేశ్‌ది. "ఆడమనిషి పేరుంటే పెళ్లోళ్లు మస్తు బేరమాడ్తరే" అన్నాడు. నిజమే కాబోలని ఊరుకున్నాను. "కుర్చీల కూసుని టీవీ చూసుడు గూడ పనేనా?" అనేది అత్త.

హాల్లో ఆయన, మరిది మల్లేశ్ ఉంటారు. బ్రౌజర్లో బొమ్మ సరిగ్గా వస్తోందో లేదో షాపులో కూర్చుని చూసి చెప్పేది నేను. అక్కడ జరిగింది ఇక్కడికి ముప్పై సెకన్లు ఆలస్యంగా వస్తుంది. లింకు పెళ్లివాళ్లకు ఇచ్చే ముందు కాలర్ మైకు కూడా పెట్టుకుని పరీక్షించాలన్నది నా నియమమే.

ఆ పొద్దున పోతూ పోతూ ఆయన నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. "నెట్ లైన్ రెన్యువల్‌ది. జల్దీ సంతకం పెట్టి ఉంచు."

తూకం చూడకుండా ఉల్లిగడ్డ కూడా కొనని దాన్ని. చదవకుండా సంతకం పెట్టేది ఆయనిచ్చిన కాగితాల మీదే. పెన్ను మూత తీశాను. తెర మీద ఖాళీ మండపం, బంతిపూలు, ఓ పక్కన కాలర్‌కు మైకు పెట్టుకుని పరమేశ్, వెనక మల్లేశ్. మైకులోంచి మాటలు వినిపించాయి.

"వదినె పెడ్తదా అన్నా?" మల్లేశ్ గొంతు.

"చదువదురా. నేనిచ్చిందంటే కండ్లు మూసుకొని పెడ్తది. ఇగ షాపు నీ పేర్న అయితది. పిల్ల తరపోళ్లు అడిగితే కాగితం సూపెట్టు, సంబంధం ఖాయం."

"మరి వదినె?"

"యాడికి పోతది? గట్లనే కూసుంటది. జీతం గూడ అడగదు." ఇద్దరి నవ్వు.

ఫోన్ మోగింది. "దీపా, వస్తాందా?"

పెన్నుకు మూత పెట్టాను. "బొమ్మ మంచిగ వస్తాంది" అన్నాను. "నీ మాట గూడ. అంతా విన్న."

ఫోన్ పెట్టేసి కాగితం మొదటి నుంచి చదవసాగాను. రెండో పేరాకు వచ్చేసరికి, తెర మీద పరమేశ్ చెయ్యి మెల్లగా కాలర్‌కున్న మైకు మీదికి పోయింది.