గోళ్ళరంగు గీత

జాకీ మీద లేపిన పికప్పు ముందు చక్రాన్ని, పైనొక చెయ్యీ కిందొక చెయ్యీ వేసి పట్టుకుని, భూమయ్య గట్టిగా ఊపాడు. టక్కుమంది. పక్కలకు పట్టి ఊపాడు. మళ్ళీ టక్కుమంది. పైనా కిందా ఆడితే బాల్ జాయింటు, పక్కలకు ఆడితే టై రాడ్ చివర. రెండూ పోయాయి. బండి తెచ్చిన ప్రేమచంద్ మాత్రం నిన్న, ఏదో కొంచెం చప్పుడొస్తోంది అంతే, అన్నాడు. భూమయ్య అప్పుడే నమ్మలేదు. బండివాళ్ళు మెకానిక్కుకు నిజం చెప్పరు. ఆ మాటకొస్తే లోకంలో ఎవరూ ఎవరికీ నిజం చెప్పరనీ, చెప్పినట్టు కనిపిస్తే ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలనీ అతని అభిప్రాయం.

అరబ్బు దేశంలోని వాడి కబీర్‌లో స్కూలు బస్సులు తిరిగే రోడ్డు దాటి లోపలికి వెళ్తే షెడ్లు వరసగా ఉంటాయి. వాటిలో ఒకదానిలో భూమయ్య పని. స్టీరింగూ సస్పెన్షనూ తప్ప ఇంకోటి ముట్టుకోడు. మెట్‌పల్లి పక్క పల్లె నుంచి మీసాలు సరిగ్గా రాని వయసులో వచ్చాడు. ఇప్పుడా మీసాలు నెరిసిపోయాయి. పొట్టి మనిషి, లావుపాటి మెడ, ముంజేతుల నిండా వేడి సైలెన్సర్లు అంటుకున్న మచ్చలు. కుడిచేతి బొటనవేలి కింది కండ ఈ మధ్య లోపలికి పీక్కుపోయింది. పొద్దున్నే ఆ చెయ్యి తిమ్మిరెక్కి లేస్తుంది. మూలనున్న ఏసీ గాలి కావాలని తన మంచం వైపే తిప్పుతున్నారని రూమ్‌లో వాళ్ళతో గొడవ పెట్టుకున్నాడు.

రూమ్‌లో నూనె సీసా మీద గీత పెట్టి గానీ డ్యూటీకి రాడు. డబ్బాలో బియ్యం చదును చేసి పైన వేలితో ఒక గుర్తు గీస్తాడు. సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు అక్కడా అదే పని చేస్తుంటే భార్య శాంతవ్వ చూసి, "నా మీద గూడ ఓ గీత గీసి పోరాదు" అంది. భూమయ్య నవ్వలేదు. కాసేపు ఆలోచించాడని శాంతవ్వ ఇప్పటికీ అందరికీ చెబుతుంది.

ఆమె కోసమే ఒకసారి రువీ బజారులో ఎర్ర గోళ్ళరంగు కొన్నాడు. ఈ వయసులో నాకెందుకని ఆమె తిరిగిచ్చేస్తే, అది బోల్టులకు పనికొచ్చింది. బోల్టు బిగించాక నట్టు మీది నుంచి పక్క ఇనుము మీదికి ఒక గీత గీస్తాడు. నట్టు రవ్వంత తిరిగినా గీత విరుగుతుంది. చాలా షెడ్లలో ఉన్న పద్ధతే. మిగతావాళ్ళు నట్టు వదులైందేమో తెలియడానికి గీస్తారు. భూమయ్య ఎవడు చెయ్యి పెట్టాడో పట్టుకోవడానికి గీస్తాడు.

గాలి గన్నుతో బిగిస్తే క్షణంలో అయిపోయే పని. కానీ ఆఖరి బిగింపు గన్నుకు వదలడు. అది ఎంత బిగించిందో దానికే తెలీదంటాడు. తన చెయ్యయితే తనకు తెలుసు. అన్నిటినీ అనుమానించే మనిషి ఆ ఒక్క చేతిని మాత్రం ఎన్నడూ అనుమానించలేదు.

ఎండలు ముదిరిన దగ్గర్నుంచి గీతలు విరుగుతున్నాయి. అల్ సువైక్ నుంచి ఖర్జూరాలు మోసే పికప్పు చక్రాలు సరిచూడటానికి తిరిగొస్తే, చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్ బోల్టు మీద గీత రెండు ముక్కలై కనిపించింది. తరవాత ఇంకో బండి. ఆ తరవాత షెడ్డు దాటి బయటికే పోని బండి మీద కూడా. రోడ్డు ఎక్కని బండి నట్టు దానంతటది తిరగదు. ఎవడో తిప్పాడు.

ఎవడో ఏమిటి, బాబు మియానే. బండి కింద నిలబడి పని చెయ్యడానికి తవ్విన అదే గోతిలో రెండో మనిషి. కోరుట్లవాడు, వయసులో కాస్త చిన్న. పొడుగ్గా ఉండి వంగి నడుస్తాడు. ఏ మాటకైనా ముందు నవ్వి తరవాత జవాబిస్తాడు. ఆ నవ్వే భూమయ్యకు దొరికిన మొదటి సాక్ష్యం. ఇక కారణమంటారా, అదీ ఉంది. అర్బాబు, అంటే షెడ్డు యజమాని, దుక్మ్‌లో ఇంకో షెడ్డు తెరిచాడు. అక్కడంతా ఇసుకగాలి, క్యాంపు బతుకు, పికప్పుల బదులు పెద్ద పెద్ద లారీలు. ఇద్దరిలో ఒకడు అక్కడికి పోవాలనీ, ఎవడన్నది ఈ వారమే తేలుస్తాననీ చెప్పాడు. ఈ వయసులో లారీల కింద దూరితే శవంగానే బయటికొస్తానని భూమయ్య భయం. పని చెడగొట్టాడన్న పేరొస్తే దుక్మ్ కూడా ఉండదు, వీసా కొట్టేసి ఇంటికి పంపుతారు. అందుకే, తాను ఇక్కడే ఉండిపోవడానికి, బాబు మియా భూమయ్య బోల్టులు వదులు చేస్తున్నాడు. చూశారా, ఎంత చక్కగా అతికిందో.

పది దాటాక ప్రేమచంద్ వచ్చాడు. కాకినాడవాడు, దుక్మ్ క్యాంపులకు కూరగాయలు తోలతాడు. కంకర రోడ్ల మీద తిరిగీ తిరిగీ బండి ముందు భాగం కుదేలైంది. పాతవి మార్చడమే కాదు, పొడుగు స్ప్రింగులూ, లావు షాక్ అబ్జార్బర్లూ, బలమైన పై ఆర్ములూ వేసి బండిని కాస్త ఎత్తు చేయించుకుంటున్నాడు. కొత్త సామాన్ల పెట్టెలు దించి, "పొద్దుగూకేలోపు అయిపోద్దా బాబాయ్? మళ్ళీ దారిలో ఒంటెలు అడ్డమొస్తాయి" అన్నాడు.

భూమయ్య పెట్టెలు విప్పాడు. పెట్టె మీది పేరును నమ్మే రకం కాదు గనక ఒక్కో బాల్ జాయింటు తీసి, చేతిలో ఊపి, రబ్బరు తొడుగు నొక్కి, ముక్కు దగ్గర పెట్టి గ్రీజు వాసన చూశాడు. అసలువే. అది అతన్ని కొంచెం నిరాశపరిచింది.

మధ్యాహ్నానికల్లా కొత్తవన్నీ ఎక్కించాడు. ఆర్ముల బోల్టులు మాత్రం బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే ఆఖరుగా బిగించాలి, గాల్లో వేలాడుతుండగా బిగిస్తే లోపలి రబ్బరు బుష్షులు మెలిపడి చిరిగిపోతాయి. అందుకని జాకీ దించి, బండిని గోతి మీదికి తోయించి, కింద నిలబడి బిగించాడు. పానా చేతిలోంచి రెండుసార్లు జారింది. ఈ పానాలు ఇప్పుడు నకిలీవి వస్తున్నాయని తిట్టుకున్నాడు. మొన్న చాయ్ గ్లాసు జారినప్పుడు హోటలువాడు గ్లాసులు సరిగ్గా కడగలేదన్నాడు. రెండు వైపులా బిగించి, శ్రద్ధగా ఎర్ర గీతలు గీశాడు.

ఒంటిగంటకు అందరూ అన్నాలకు వెళ్ళారు. షెడ్లన్నీ సాయంత్రం దాకా మూసే వేళ. భూమయ్య కూడా టిఫిను పట్టుకుని వెళ్ళినట్టే వెళ్ళి, వెనక తలుపు నుంచి వచ్చి పాత టైర్ల కుప్ప చాటున నిలబడ్డాడు. రేకుల వేడికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఆకలేస్తోంది. అయినా ఏళ్ళ తరబడి అతను అంత సంతోషం ఎరగడంటే నమ్మండి.

బాబు మియా వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. చేతిలో రింగు పానా, దాని తోకకు తొడిగిన ఇనుప పైపు. గోతిలోకి దిగాడు. కాసేపటికి కుడివైపు నుంచి ఇనుము కిర్రుమన్న చప్పుడు వినపడింది. ఎడమవైపు జరగబోతుండగా భూమయ్య గోతి ఒడ్డుకొచ్చి నిలబడ్డాడు.

"పైకి రా" అన్నాడు.

బాబు మియా ఈసారి నవ్వలేదు. పానా కిందే వదిలి పైకొచ్చాడు. భూమయ్య అతన్ని ఒక్క మాట ఆడనివ్వలేదు. అర్బాబు వచ్చేదాకా బండి దగ్గరికి ఎవరినీ రానీయకుండా గోతి ఒడ్డునే కూర్చున్నాడు.

అర్బాబు అరిచే మనిషి కాదు. భూమయ్య వచ్చీరాని హిందీలో చెప్పిందంతా విని, అతని బోల్టుల మీద చెయ్యి పెట్టావా అని బాబు మియాను అడిగాడు. పెట్టానన్నాడు బాబు మియా. ఎందుకు పెట్టావని మళ్ళీ అడిగాడు. బాబు మియా భూమయ్య మొహం వైపు చూడలేదు. కుడిచేతి వైపు చూశాడు. అర్బాబు ఇక తేల్చడానికేముంది అన్నట్టు లేచాడు. దుక్మ్‌కు మనిషి కావాలి గనక వీసా జోలికి పోలేదు. ప్రేమచంద్ బండి ఎలాగూ దుక్మ్ పోతోంది, బట్టలు సర్దుకుని అందులోనే వెళ్ళమన్నాడు. ఖల్లాస్, ఇక అంతే, అని సాయంత్రపు అసర్ నమాజుకు వెళ్ళిపోయాడు.

గెలిచిన మనిషి గోతిలోకి దిగాడు. వదులు చేసినవాటిని మళ్ళీ బిగించాలి కదా. కుడివైపు బోల్టుకు పానా తగిలించి లాగాడు. కదల్లేదు. రెండు చేతులా వేలాడినా కదల్లేదు. టార్చి వేసి చూశాడు. గీత విరిగి ఉంది. నట్టు మీది ముక్క కుడికి జరిగి ఉంది.

కుడికి తిరిగితే బిగింపు, ఎడమకు తిరిగితే వదులు. పానా పట్టిన మొదటిరోజు నేర్పే సంగతి అది. ఇన్నాళ్ళూ గీత విరిగిందనే చూశాడు గానీ ఎటు విరిగిందో చూడలేదు. చూడవలసిన అవసరమే కనిపించలేదు, ఎటు విరిగిందో ముందే తెలుసు గనక. సువైక్ బండిది గుర్తు తెచ్చుకున్నాడు. కుడికే. షెడ్డు దాటని బండిది? అదీ కుడికే.

ఎడమవైపుకు వచ్చాడు. ఇక్కడ బాబు మియా చెయ్యి పడలేదు, గీత చక్కగా ఉంది. తన బిగింపు. బాబు మియా వదిలేసిన పానా తగిలించి, పైపు చివర పట్టుకుని ఒంటి బరువంతా వేశాడు. నట్టు సులువుగా తిరిగింది. పావు చుట్టు తిరిగాక గానీ ఆగలేదు. భూమయ్య పానా తీసి మెట్టు మీద పడేసి, తన చేతిని టార్చి వెలుగులో పెట్టుకుని చాలాసేపు చూశాడు. దాని మీద అతనికి కోపం రాలేదు. సిగ్గేసింది.

పైకొచ్చేసరికి ఎండ చల్లబడింది. అతను బయటపడగానే ప్రేమచంద్ బండిని గోతి మీది నుంచి తీసి ఎత్తు చూసుకుని మురిసిపోయాడు. బాబు మియా చక్రాల సూట్‌కేసు వెనక పడేసి, తాడు కడుతున్నాడు. భూమయ్య వెళ్ళి పక్కన నిలబడ్డాడు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఎడుమ దిక్కుది బిగిచ్చినవా?" అని బాబు మియానే అడిగాడు.

"బిగిచ్చిన." తాడు ఇంకో కొస అందుకుని, "నాకెందుకు చెప్పలే?" అన్నాడు భూమయ్య.

"చెప్తే నమ్మెటోనివా, భూమన్నా?"

భూమయ్య తాడు వదిలేశాడు. అర్బాబు రాగానే ఉన్నది ఉన్నట్టు చెప్తానన్నాడు. బాబు మియా ముడి గట్టిగా లాగాడు.

"చెప్తే నిన్ను ఇంటికి తోలుతరు. నా చేతులు ఇంకా మంచిగున్నయి, లారీలు నేను జూస్కుంట. నువ్వు ఇగనన్న గన్ను వట్టు. దాన్నన్న నమ్ము." అని, అలవాటుగా నవ్వి, ముందు సీటెక్కాడు.

బండి కదిలింది. ఎత్తైన కొత్త స్ప్రింగుల మీద వీధి చివరి గతుకు దాటింది. ఒక్క చప్పుడు రాలేదు. మూల తిరిగేదాకా భూమయ్య ముందు చక్రాల వంకే చూశాడు. మసీదు నుంచి అర్బాబు తిరిగొచ్చి, ఎదురుగా నడిచి, ఆఫీసు గదిలోకి వెళ్ళాడు. భూమయ్య ఆ తలుపు దాకా వెళ్ళాడు. చెయ్యి ఎత్తాడు కూడా. భయమేసింది. తలుపు తట్టకుండానే వెనక్కి తిరిగాడు, అది భయమేనని తనకు తెలుసు.

గోతిలో టార్చి వెలుగుతూనే ఉండిపోయింది. ఆర్పడానికి దిగాడు. బాబు మియా రింగు పానా పైపుతో సహా మెట్టు మీద పడి ఉంది. తీసి వెలుగులో తిప్పి చూశాడు. దాని నోటి లోపల, ఇనుము కనపడకుండా, ఎన్ని నట్ల మీదిదో, పొర మీద పొరగా ఎండిపోయిన ఎర్ర గోళ్ళరంగు.