రెండో మజిలీలో గంజి

పీరా సాహెబ్ వంట చేసిన పెళ్లిలో అర్ధాకలితో లేచినవాడు తిరుపతిలో ఇంతవరకూ లేడు. ఆ సంగతి ఆయనే చెబుతాడు, అడిగినా అడక్కపోయినా. అలాంటి మనిషి చేత కూతురు షబ్రీన్ గంజి కాయించింది.

షబ్రీన్ పరిగెత్తేది మామూలు పరుగు కాదు. తెల్లారుతూనే పులికాట్ నీళ్లలో తెడ్డేసుకుంటూ పడవ మీద పోవాలి, ఒడ్డెక్కి తిరుపతి దాకా సైకిలు తొక్కాలి, అక్కడ కొండల్లో పడి చంద్రగిరి కోట దగ్గర తేలాలి. జంటగా బయల్దేరి జంటగానే చేరాలి. ఒకరు ఆగితే ఇద్దరూ ఆగినట్టే. పొద్దు గూకేలోగా రాకపోతే ఎంత దూరం వచ్చినా లెక్కలోకి రాదు. షబ్రీన్‌కి జంట పంకజాక్షి, యూనివర్సిటీలో ఆమె క్లాసు పిల్ల, చిత్తూరు పక్క పల్లెటూరు. దారిలో రెండు మజిలీలుంటాయి. అక్కడ తిండీ నీళ్లూ అందించడానికి జంటకొక మనిషిని పెట్టుకోవచ్చు. వీళ్ల మనిషి పీరా సాహెబ్.

పోయినేడు ఆయన ఆ పనిని అచ్చం పెళ్లి పనిలాగే చేశాడు. మొదటి మజిలీలో ట్రాలీ ఆటో మీద డేక్సా మూత తీసి, పిల్లలిద్దరికీ మటన్ బిర్యానీ వడ్డించి, “ఇంకొంచెం, ఇంకొంచెం” అంటూ కొసరి కొసరి తినిపించాడు. కాదనలేక తిన్నారు. సైకిలెక్కి కాస్త దూరం పోయారో లేదో షబ్రీన్ రోడ్డు పక్కన కూలబడి అంతా కక్కేసింది. పోటీ అక్కడితో సరి. ఇంటికొచ్చాక ఆమె తండ్రిని ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదని పీరా సాహెబ్‌కి ఏడాది పొడుగునా అనిపిస్తూనే ఉంది.

అందుకే ఈసారి ఏం తినాలో షబ్రీనే తేల్చుకుంది. ప్రతి ఆదివారం కొండెక్కి దిగుతూ, ఏది కడుపులో నిలుస్తుందో, ఏది తిరగబెడుతుందో తన మీదే పరీక్ష పెట్టుకుంది. దుకాణంలో కొన్న తీపి జెల్లు రెండోసారికే వెగటు పుట్టించాయి. చివరికి పులిహోర ముద్దలు, ఉప్పేసి ఉడకబెట్టిన శనక్కాయలు, అరటిపండ్లు నిలిచాయి. వాటితోపాటు ఫ్లాస్కులో గంజి.

“గంజా?” అన్నాడు పీరా సాహెబ్. “పీరా సాహెబ్ కూతురు గంజి తాగి పరిగెత్తిందంటే రేపు నన్ను పెళ్లిళ్లకు ఎవురు పిలుస్తారు మే?”

“రంజాన్లో మసీదు కాడ పంచేది నువ్వు కాసిన గంజే గదా నాయనా. అదే కావాల. కీమా మాత్రం ఎయ్యొద్దు, పంకజకు ఇది పెరటాసి, సామికి మొక్కే నెల, నీసు ముట్టదు.” అంది షబ్రీన్. “ఇంకోటి. ఈసారీ మధ్యలో ఆగిపోతే నేను మళ్లా ఈ పోటీల మొగం సూడను.”

ఆ మాటతో ఆయన గంజికి ఒప్పుకున్నాడు. ఎవరూ అడగకుండానే బజారుకెళ్లి, మాంసం వాసన తెలియని కొత్త గిన్నె కొనుక్కొచ్చాడు. బియ్యం నూక, పెసరపప్పు, మెంతులు, కొబ్బరిపాలతో గంజి కాచాడు. కాచేది గంజే అయినా రుచి చూసి తల పంకించడం మాత్రం మానలేదు.

పోటీ రోజు మొదటి మజిలీ చల్లగా గడిచింది. చెప్పిందే ఇచ్చాడు, చెప్పినంతే ఇచ్చాడు. “ఇంకొంచెం” నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాడు. పిల్లలు ముద్దలూ పండ్లూ సంచుల్లో వేసుకుని సైకిళ్లెక్కి వెళ్లిపోయారు.

రెండో మజిలీ తిరుపతి దాటాక కొండ మొదట్లో. ఎండ నడినెత్తికొచ్చింది. సైకిలు దిగిన పంకజాక్షి మొహం పాలిపోయి ఉంది. బూటు తాడు కట్టుకుంటుంటే చేతులు వణుకుతున్నాయి. ఆమె సంచి నింపుదామని తెరిచిన పీరా సాహెబ్‌కి పులిహోర ముద్దలు ఇచ్చినవి ఇచ్చినట్టే కనిపించాయి.

“ఏమ్మా, ఒక్కటీ తినలా?”

పంకజాక్షి తల దించుకుంది. “ఈ పొద్దు పెరటాసి శనివారం మామా. ఇంట్లో సామికి తళిగ నైవేద్యం పెట్టి గోవిందలు కొట్టేదాకా మేము మెతుకు ముట్టం. మజ్జానానికి అయిపోతాది గదా, అంతవరకు నీళ్లతో తట్టుకుంటా అనుకుంటి.”

“నాకన్నా సెప్పుండొచ్చు గదా మే,” అంది షబ్రీన్.

పీరా సాహెబ్ ఏటా రంజాన్ ఒక్కపొద్దులుండే మనిషి, ఇంకొకరి ఒక్కపొద్దును తప్పు పట్టడానికి ఆయనకి నోరు రాలేదు. పోటీలో ఉన్నవాళ్ల ఫోన్లన్నీ నిర్వాహకులే తీసి పెట్టుకున్నారు. నంబరు అడిగి తన ఫోన్లోంచే పంకజాక్షి తల్లి నిర్మలమ్మకి కొట్టాడు.

“తళిగా? కోడి కుయ్యకముందే పెట్టేసినాం అన్నా,” అందామె. “బిడ్డ పరిగెత్తాల గదా, ఆకలితో ఉంటే ఎట్లా అని. ఆ మాట సెప్పేదానికి ఎన్నిసార్లు సేసినా ఫోన్ ఎత్తలా.”

పంకజాక్షికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. షబ్రీన్ రెండు ముద్దలు తీసి ఆమె చేతిలో పెట్టబోయింది. “తిను మే, బిరీన. పొద్దు పోతాండాది.”

పీరా సాహెబ్ కూతురి చెయ్యి పట్టుకున్నాడు. “వొద్దు. ఒక్కపొద్దు కడుపు అది. ఇప్పుడు గబగబా కుక్కితే కొండ మీద కక్కేస్తాది. ముందు గంజి, అదీ గుక్కెడు గుక్కెడుగా.”

“ఎంతసేపు?”

“కడుపు కుదురుకునేంత సేపు.”

పక్క జంటలు ఒక్కొక్కటే కొండ దారి పట్టాయి. షబ్రీన్ వాళ్లవైపు చూసింది, తండ్రి వైపు చూసింది. పోయినేటి బిర్యానీ ఇద్దరికీ గుర్తొచ్చింది, ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. చివరికి ఆమె స్నేహితురాలి పక్కన చతికిలబడింది. “సరే నాయనా, నువ్వు సెప్పినట్టే.”

ఈ మాట కోసమే పీరా సాహెబ్ ఏడాదిగా కాచుకున్నాడు, తీరా వచ్చాక భయమేసింది. గరిటెలతో తప్ప వడ్డించి ఎరగని మనిషి, టీ గ్లాసులో అడుగు తడిసేంత గంజి పోసి, ఆమె తాగాక ఆగి, మళ్లీ పోశాడు. కాసేపటికి పంకజాక్షి చేతుల వణుకు తగ్గింది, బుగ్గల్లోకి రంగొచ్చింది. అప్పుడు సగం ముద్ద ఇచ్చాడు. “మిగతావి నడస్తా నడస్తా కొంచెం కొంచెం తిను. ఆకలేసేదాకా ఆగొద్దు.”

చంద్రగిరిలో ఎదురుచూడటం ఆయన వల్ల కాలేదు. కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. జంటలు వస్తున్నాయి, వాళ్లలో తన పిల్లలు లేరు. కూర్చోబెట్టి పోగొట్టిన ఆ కాస్త పొద్దే కొంప ముంచుతుందేమోనని తనని తాను తిట్టుకున్నాడు. ఎండ కొండ కొసకి ఎక్కింది.

అప్పుడు కనిపించారు. ముందు పంకజాక్షి. వెనక కాలు ఈడ్చుకుంటూ షబ్రీన్, పంకజాక్షి ఆమె చెయ్యి వదలకుండా లాక్కొస్తోంది. పొద్దు ఇంకా ఉండగానే ఇద్దరూ గీత దాటారు. ఎన్నో స్థానంలో వచ్చారని పీరా సాహెబ్‌ని అడగొద్దు, ఆయన చెప్పడు. చేరారని మాత్రం చెబుతాడు, అడిగినా అడక్కపోయినా.

పిల్లలిద్దరూ నేల మీద వెల్లకిలా పడి ఆయాసం తీర్చుకున్నారు. ముందు పంకజాక్షి లేచి కూర్చుంది. “ఆకలేస్తాండాది మామా.”

“నాక్కూడా,” అంది షబ్రీన్. “ఏం తినాల్నో ఇంక నువ్వే సెప్పు నాయనా.”

పీరా సాహెబ్, పక్కన నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషి భుజం పట్టుకుని, “మా బిడ్డలప్పా,” అన్నాడు. “ఇద్దురూ మా బిడ్డలే.”