సబ్జెక్ట్: బోనాల శుభాకాంక్షలు

యశోద కోసం నేను రాసిన మెయిల్‌కు గంటలోపే జవాబు వచ్చింది. సంతోషంగా తెరిచాను. "మీకూ, మీ కుటుంబానికీ బోనాల శుభాకాంక్షలు" అని ఉంది. అంతే.

యశోద మా కార్వాన్ పాల డెయిరీలో, కోల్డ్ రూమ్‌లో ప్యాకెట్లు సర్దుతుంది. ఏళ్ల తరబడి ఆ చలికి వేళ్ల కణుపులు వాచిపోయాయి. చలిలో పని మానెయ్యమన్నాడు డాక్టర్. మానేస్తే ఇల్లు గడవదు. దబీర్‌పురాలోని మా పాల డిపోలో కౌంటర్ పని ఖాళీ అయిందని తెలిసి, అక్కడికి బదిలీ అడగడానికి నా దగ్గరికి వచ్చింది.

"సార్, జర మీరే రాయుండ్రి. మీ ఇంగ్లీషు మంచిగుంటది."

డెయిరీ ఆఫీసులో రాతకోతలన్నీ నావే. బీకాం చదివాను.

మా పాతబస్తీలో పని మీద ఎవరి దుకాణానికి వెళ్లినా ముందు కూర్చుంటాం. ఖైరియత్ అడిగి క్షేమం కనుక్కుంటాం, చాయ్ తాగుతాం, పిల్లల చదువుల గురించి మాట్లాడతాం. వచ్చిన పని లేచి చెప్పులు వేసుకుంటూ చెబుతాం. మెయిల్ కూడా నేను అలాగే రాశాను. సబ్జెక్ట్‌లో పండుగ శుభాకాంక్షలు. మొదటి పేరాలో హెడ్డాఫీసు హెచ్చార్ మేడం స్రవ్య గారి క్షేమం. ఆ తర్వాత అమ్మవారి దయ, వానలు. యశోద వాటి కింద ఎక్కడో. పోయిన నా భార్య సావిత్రి ఉంటే, "అసలు ముచ్చట జెప్పుండ్రి, చాయ్ సల్లారుతుంది" అనేది.

జవాబు చూశాకైనా మళ్లీ రాయలేదు. పండుగ పూట వెంటపడితే ఏం బాగుంటుందని ఆగాను.

బోనాలు అయ్యాక సూపర్‌వైజర్ మహేందర్ వచ్చి, "విశ్వేశ్వరన్నా, దబీర్‌పురా కౌంటర్ల వేరే మనిషిని పెట్టిండ్రట" అన్నాడు.

వెంటనే స్రవ్య గారికి ఫోన్ చేశాను. నా మెయిల్ మళ్లీ తెరిచి చూసినట్టుంది.

"అయ్యో సార్! పండుగకు అందరూ పంపేదే కదా అనుకున్నాను. కిందిదాకా చూడలేదు. పైన యశోద గారి బదిలీ అని ఒక్క ముక్క ఉంటే ఆ రోజే చేసేదాన్ని."

కోప్పడలేదు. తప్పులో సగం తన మీదే వేసుకుంది. అది ఆమె మంచితనం. కానీ ఇప్పుడు ఎక్కడా ఖాళీ లేదంది.

షిఫ్టుకు ముందు యశోద వచ్చింది. జరిగింది చెప్పాను.

"అంటే పండుగ ముట్టింది, నా గోస ముట్టలేదన్నట్టు," అంది. మళ్లీ, "నా గురించి ఏం రాసిండ్రు సార్? జర సదువుండ్రి, వింట" అని గుమ్మానికి ఆనుకుంది.

తెలుగులో చెప్పుకుంటూ చదివాను. క్షేమం అయింది. అమ్మవారి దయ అయింది.

"పెండ్లి పత్రిక లెక్క మస్తుగుంది. నా పేరేది సార్?"

"వస్తది యశోదా. కింద ఉన్నది."

వానల దగ్గర ఉండగానే షిఫ్టు గంట మోగింది.

"మిగిలింది రేపు సదువుండ్రి. ఆలస్యమైతే మహేందర్ సార్ లొల్లి చేస్తడు."

నా మీద ఒక్క మాట తూలకుండా వెళ్లింది. నన్ను తిట్టి వెళ్లినా బాగుండేది. కోల్డ్ రూమ్ తలుపు చేత్తో తోయలేక, భుజంతో నెట్టుకుని లోపలికి పోయింది.